మరగదం వాటాకి వచ్చిన ఛార్జర్లు

కోయంబత్తూరు ఉక్కడం పాత ఇనుము బజారులో సెంగోడన్ కొట్టు ఎక్కడని అడిగితే ఎవరైనా ఒకటే గుర్తు చెప్పేవారు. "మిషన్లు తుమ్ముతున్న చప్పుడు వినబడుతుంది. అక్కడ ఆగండి."

వైరు లేకుండా బ్యాటరీతో తిరిగే డ్రిల్లులు, స్క్రూలు బిగించే మిషన్లు, చెక్క కోసే రంపాలు, పాడైపోయినవన్నీ చివరికి ఆ కొట్టుకే చేరేవి. తిరుప్పూరు వైపు కట్టుబడి పనుల నుంచి గోనెసంచుల్లో వచ్చేవి. కొచ్చి రేవులో దిగిన పాత సామాను మూటల్లో వచ్చేవి. మేడ మీంచి పడి పగిలినవీ, వానకి తడిసినవీ, సిమెంటు మింగి గొంతు పూడుకుపోయినవీ అన్నీ కలిసే ఉండేవి. సెంగోడన్ వాటి పొట్టలు విప్పి, ఒకదాని మోటారు, ఇంకోదాని గేర్లు, మరోదాని ట్రిగ్గరు కలిపి కొత్తగా ఒక మిషన్ని నిలబెట్టేవాడు. ఏం చేసినా లేవనివాటి రాగి ఒక డబ్బాలోకి, అల్యూమినియం ఒక డబ్బాలోకి వెళ్ళిపోయేవి.

బ్యాటరీల పని అతని బావమరిది మయిల్‌సామిది. బ్యాటరీ పెట్టె ఊడదీస్తే లోపల బొటనవేలంత సెల్లులు వరసగా ఉంటాయి. వాటిలో ఒకటి చస్తే చాలు, మిగతావి బాగానే ఉన్నా పెట్టె మొత్తం పడకేస్తుంది. మయిల్‌సామి మీటరు పెట్టి ఒక్కొక్కదాని నాడీ చూసి, చచ్చినదాన్ని ఏరేసి, దాని చోట బతికున్నదాన్ని తెచ్చి అతికేవాడు. నెమ్మదైన మనిషి. వయసు ముప్పై దాటి చాలాకాలమైంది, పెళ్ళి కాలేదు. ఆ సంగతి ఎవరు గుర్తుచేసినా మీటరు మీద నుంచి తల ఎత్తేవాడు కాదు.

ఈ ఇద్దరి మధ్యా మరగదం. ఒకరికి పెళ్ళాం, ఇంకొకరికి అక్క. వచ్చినవాళ్ళతో బేరం ఆమెది, గల్లాపెట్టె ఆమెది, మధ్యాహ్నం క్యారేజీ ఆమెది. మగవాళ్ళిద్దరికీ మిషన్లతో మాట్లాడటం వచ్చినంత బాగా మనుషులతో మాట్లాడటం రాదని ఆమె గట్టి నమ్మకం.

ఆ నమ్మకం నిజమని ఆని అనే తమిళ నెల ఆఖరులో ఒకరోజు రుజువైంది.

పోదనూరు నుంచి కాళియణ్ణన్ అనే పెద్దాయన మయిల్‌సామిని చూడటానికి వచ్చాడు. ఆయనకి గుమ్మాలు, తలుపులు చేసే వర్క్‌షాపు ఉంది. పెళ్ళి కావలసిన కూతురుంది. అబ్బాయిని ఇంట్లో కాదు, పని చేసే చోట చూస్తానన్నాడట. మరగదం పొద్దున్నే కొట్టు ఊడ్చింది, తమ్ముడి చేత చారల చొక్కా వేయించింది, మొగుడికి మాత్రం ఒక్క మాట చెప్పింది.

"ఏమండీ, మీకు దండం పెడతాను. ఇవాళ మీరు ఏ జోకూ వెయ్యకండి."

"నేనా? నేనెప్పుడు వేశాను?" అన్నాడు సెంగోడన్.

కాళియణ్ణన్ వచ్చాడు, టీ తాగాడు, మిషన్లు చూశాడు. అంతా సాఫీగా నడుస్తోంది. ఆయన ఒక బ్యాటరీని చేతిలోకి తీసుకుని, "ఇది ఎన్నాళ్ళు పనిచేస్తుంది?" అని అడిగాడు. అడిగింది బ్యాటరీ గురించే. మయిల్‌సామి గొంతు సవరించుకుంటున్నాడు. ఆ ఖాళీని సెంగోడన్ భరించలేకపోయాడు.

"అచ్చం మా బావమరిది లాంటిదేనండీ. రాత్రంతా ఛార్జింగ్ పెడితే పొద్దున రెండు నిమిషాలు పనిచేస్తుంది" అన్నాడు.

కాళియణ్ణన్ పగలబడి నవ్వాడు. టీ ముక్కులోకి పోయి దగ్గాడు. దగ్గుతూ కూడా నవ్వాడు. కళ్ళు తుడుచుకుని, "వస్తానమ్మా" అని మరగదానికి చెప్పి వెళ్ళిపోయాడు. అటు వెళ్ళిన మనిషి నుంచి అవుననీ కాదనీ కబురు లేదు.

వారం చూశాడు మయిల్‌సామి. ఎనిమిదో రోజున స్టూలు మీంచి లేచి, "అక్కా, వాటాలు పంచు" అన్నాడు.

"ఏం వాటాలురా?"

"కొట్టు. రెండు నిమిషాలు పనిచేసేవాడితో బావకి ఎందుకు?"

"ఒరే, నవ్విద్దామని అన్నానురా" అన్నాడు సెంగోడన్.

"నవ్వారుగా. పోదనూరు దాకా నవ్వుకుంటూ పోయారుగా."

పక్క కొట్టు హనీఫా భాయి పెద్దమనిషిగా వచ్చాడు. ఆయన పాత పంపు మోటార్లు అమ్ముతాడు, తీర్పులు ఊరికే చెబుతాడు. ఇద్దరినీ కూర్చోబెట్టి నచ్చజెప్పబోయాడు. సెంగోడన్ క్షమాపణ అడిగితే సరిపోయేది. కానీ బావ అనేవాడు బావమరిదిని ఆటపట్టించినందుకు క్షమాపణ అడగటం కోయంబత్తూరు చరిత్రలో లేదని అతను పట్టుబట్టాడు.

"సరే, అయితే ఎవరి పని వాళ్ళ వాటా" అన్నాడు హనీఫా భాయి విసుగొచ్చి. "మిషన్లు సెంగోడన్‌వి. బ్యాటరీలు మయిల్‌సామివి. ఇంక నన్ను పిలవకండి." తన కొట్టు నుంచి ఒక నీలం నైలాను తాడు తెచ్చి మధ్యలో అడ్డంగా కట్టి పోయాడు.

మర్నాటి నుంచి తమాషా మొదలైంది. తాడుకి ఎడమవైపు మిషన్ల గుట్ట, ఒక్కదానికీ ప్రాణం లేదు. కుడివైపు బ్యాటరీల గుట్ట, అన్నీ ప్రాణమున్నవే, దూరటానికి ఒళ్ళు లేదు. కొనేవాడు వచ్చి ఎడమవైపు ఒక డ్రిల్లు ఎత్తి ట్రిగ్గరు నొక్కుతాడు. ఉలుకూ పలుకూ ఉండదు.

"ఇది తిరగదేం?"

"తిరుగుతుంది. తిప్పేది పక్కింట్లో ఉంది" అనేవాడు సెంగోడన్.

పౌరుషానికి పోయి సెంగోడన్ ఒక డ్రిల్లుకి రెండు వైర్లు తగిలించి స్కూటరు బ్యాటరీకి కలిపాడు. డ్రిల్లు తిరిగింది. కొనేవాడు మెచ్చుకుని, "బాగుంది, మరి డ్రిల్లుతో పాటు స్కూటర్ని కూడా నిచ్చెన ఎక్కించాలా?" అని అడిగి వెళ్ళిపోయాడు. మయిల్‌సామి తక్కువ తినలేదు. తన బ్యాటరీలకి చిన్న ఫ్యాన్లు బిగించి, చేతి పంకాలని అమ్మబోయాడు. ఒక ఫ్యాను హనీఫా భాయి టోపీని ఎగరగొట్టింది తప్ప వేరే ఏమీ సాధించలేదు.

ఒకరితో ఒకరు మాట్లాడరు. మాటలన్నీ మరగదం మీదుగానే.

"అక్కా, తాడుకి అవతల ఉన్న ఆయన్ని నా మీటరు ఇమ్మను."

"మరగదం, నీ తమ్ముడికి చెప్పు, మీటరు నా వాటాలో పడింది, నేను తొయ్యలేదు."

"అక్కా, పడితే ఎత్తి ఇవ్వచ్చని చెప్పు."

ఇద్దరి మధ్యా దూరం చెయ్యి చాపితే అందేంత. మరగదం గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి, ఎడమవైపు వంగి మీటరు తీసి, కుడివైపు పెట్టి, మళ్ళీ కూర్చునేది. అంతలో ఇటు నుంచి స్క్రూడ్రైవరు కావాలి. ఇంటికి పోయాక కూడా ఇదే గొడవ. బియ్యమూ పప్పూ కలిపి వండిన అరిసీ పరుప్పు సాదంలో నెయ్యి ఎవరికి ఎక్కువ పడిందో ఇద్దరూ ఆమె చేతే చెప్పించుకునేవారు. ఆషాఢం లాంటి ఆడి నెల సగమయ్యేసరికి ఆమె కాళ్ళు వాచాయి, అంతకంటే ముందు ఓపిక అయిపోయింది.

ఒకరోజు పొద్దున మయిల్‌సామి గోడ వైపు చెయ్యి చాపాడు. అక్కడ ఛార్జర్లు వరసగా మేకులకి వేలాడుతున్నాయి. పచ్చ మిషన్లవి పచ్చవి, నీలంవి నీలంవి, పసుపువి పసుపువి. ఒక రంగు ఛార్జరు ఇంకో రంగు బ్యాటరీని ముట్టనే ముట్టదు. సంబంధాలు చూసేటప్పుడు మన పెద్దవాళ్ళకి కూడా అంత పట్టింపు ఉండదు.

"ఆగరా" అంది మరగదం. "అవి ఎవరి వాటా?"

మయిల్‌సామి ఆగాడు. సెంగోడన్ తల ఎత్తాడు.

"మిషన్లు ఆయనవి. బ్యాటరీలు నీవి. ఛార్జర్లు ఎవరివని హనీఫా భాయి చెప్పలేదే?"

"బ్యాటరీకి పెట్టేవి కాబట్టి నావే" అన్నాడు మయిల్‌సామి.

"మిషనుతో పాటు పెట్టెలో వచ్చేవి కాబట్టి నావి" అని సెంగోడన్ గోడకి చెప్పాడు.

"ఇద్దరివీ కావు. నావి." మరగదం ఒక్కొక్క ఛార్జరే దించి తన బల్ల వెనక పెట్టుకుంది. ఎందుకు చేస్తోందో చేసేటప్పుడు ఆమెకీ సరిగా తెలియదు. చేశాక మాత్రం చాలా హాయిగా అనిపించింది. ఛార్జింగ్ లేకపోతే మయిల్‌సామి బ్యాటరీలు ఇటుకలు. కొనేవాళ్ళు తెచ్చుకున్న బ్యాటరీకైనా ఛార్జింగ్ ఎక్కించి నడిపి చూపించకపోతే సెంగోడన్ మిషన్లు బొమ్మలు. ఇద్దరూ ఆమె మొహం చూశారు.

"అద్దె ఏమిటి?" అన్నాడు సెంగోడన్ అనుమానంగా.

"డబ్బులు వద్దు. ఛార్జరు కావాలంటే తాడుకి అవతలున్న మనిషి గురించి ఒక మంచి మాట చెప్పాలి. నాకు కాదు. మొహం చూసి, అతనికే చెప్పాలి."

"ఇది అన్యాయం" అన్నారు ఇద్దరూ ఒకేసారి. తాడు కట్టాక వాళ్ళిద్దరూ కలిసి అన్న మొదటి మాట అదే.

ఆ పొద్దంతా ఎవరూ ఛార్జరు అడగలేదు. మధ్యాహ్నం పోదనూరు రోడ్డు నుంచి ఫాల్స్ సీలింగ్ పనివాళ్ళు వచ్చి నిలబడ్డాక మయిల్‌సామికి తప్పలేదు. లేచి, తాడు దగ్గరికి వచ్చి, బావ వైపు చూసి, చాలాసేపు వెతుక్కున్నాడు.

"బావా, నువ్వు ఇవాళ స్నానం చేశావు."

"ఇది మంచి మాటేనా?" అంది మరగదం.

"నిన్నటితో పోలిస్తే మంచి మాటే అక్కా."

పనివాళ్ళు నవ్వారు. మరగదం నవ్వు ఆపుకుని ఒక ఛార్జరు ఇచ్చింది. తరవాత సెంగోడన్ వంతు. అతను గడ్డం గోక్కున్నాడు. "మా బావమరిది ముక్కు చక్కగా, సూటిగా ఉంటుంది."

"ఆ ముక్కు మా నాన్నది. అందులో వీడు చేసిందేమీ లేదు. చెల్లదు, ఇంకోటి చెప్పండి."

"అయితే... అన్నం పారెయ్యడు. కంచం కడిగినట్టు తింటాడు."

"అది తిట్టు."

"మెచ్చుకోలే! కడుక్కునే పని నీకు తప్పుతుంది కదా!"

రెండు రోజుల్లో ఈ కబురు బజారంతా పాకింది. పొద్దున కొట్టు తెరిచే వేళకి హనీఫా భాయి తన కుర్చీ బయటికి జరుపుకుని కూర్చునేవాడు. ఎదురుగా ఉన్న నాయరు టీకొట్టు ముందు నిలబడేవాళ్ళు గ్లాసులతో ఇటు వచ్చి నిలబడేవాళ్ళు. "ఇవాళ ఎవరిది ముందు?" అని అడిగేవాళ్ళు. బాగున్నదానికి ఈలలు, చప్పగా ఉన్నదానికి "వెళ్ళవయ్యా, నిన్నటిదే ఇది!" అని కేకలు.

కానీ మరగదం ఒక సంగతి గమనించింది. మంచి మాటలు అయిపోతున్నాయి. స్నానం, చొక్కా, మీసం, గురక పెట్టకపోవటం, అన్నీ వాడేశారు. చెప్పిందే చెబితే ఆమె ఒప్పుకోదు. అందుకని ఇద్దరూ వెతుక్కోవలసి వచ్చింది. సెంగోడన్ గేర్లకి గ్రీజు పూస్తూ పూస్తూ తాడు మీదుగా దొంగచూపులు చూసేవాడు, రేపటి మాట దొరుకుతుందేమోనని. మయిల్‌సామి సెల్లులు అతుకుతూ మధ్యలో ఆపి, బావ చేతుల వైపు చూస్తూ ఉండిపోయేవాడు. ఒకరోజు, "బావ ట్రిగ్గరు స్ప్రింగుని విప్పేటప్పుడు అది ఎగరకుండా నాలుక బయటపెట్టి ఊపిరి బిగబడతాడు. ఒక్క స్ప్రింగూ పోగొట్టలేదు" అన్నాడు. ఆ రోజు ఎవరూ ఈల వెయ్యలేదు. సెంగోడన్ నాలుక లోపలికి లాక్కుని, గ్రీజు డబ్బా వెతికాడు. అది అతని చేతిలోనే ఉంది.

మిగతా ఆడి నెల అలా నడిచింది. ఆవణి నెల వచ్చిన మొదటి వారంలో, ఎండ బాగా ఎక్కాక, ఒకామె గుడ్డసంచీతో కొట్టు ముందు నిలబడింది. మయిల్‌సామి కంటే నాలుగైదేళ్ళు చిన్నదై ఉంటుంది. జడలో రంపపు పొట్టు అక్కడక్కడా మెరుస్తోంది. తాడు వైపు చూసింది, మిషన్ల వైపు చూసింది, బ్యాటరీల వైపు చూసింది.

"ఈ కొట్లో బ్యాటరీలాంటి మనిషి ఒకాయన ఉన్నారట. ఎవరండీ?"

మయిల్‌సామి చేతిలోని సెల్లు కిందపడి దొర్లింది. సెంగోడన్ తల గోక్కున్నాడు. హనీఫా భాయి కుర్చీ ఇంకొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

"నువ్వు ఎవరమ్మా?" అంది మరగదం, ఎవరో అర్థమైపోయినా.

"తేన్మొళి. పోదనూరు కాళియణ్ణన్ కూతురిని. మా నాన్న మిషన్ పాడైంది. స్క్రూ సగం దిగేసరికి ఏడుపు మొదలెడుతుంది."

సంచీలోంచి పచ్చ మిషన్ తీసి బల్ల మీద పెట్టింది. సెంగోడన్ దాన్ని అందుకుని తిప్పి చూశాడు. మూతి దగ్గర చెవి పెట్టి విన్నాడు. "గేరు అరిగింది" అన్నాడు మరగదంతో. మయిల్‌సామి బ్యాటరీని ఊడదీసి మీటరు పెట్టాడు. "ఒక సెల్లు చచ్చింది" అన్నాడు అక్కతో.

తేన్మొళి ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. "వీళ్ళిద్దరికీ చెవుడా?"

"కాదమ్మా. పౌరుషం."

"ఓహో. అయితే గేరు ఈయన దగ్గర, సెల్లు ఆయన దగ్గర. ఛార్జరు?"

"నా దగ్గర" అంది మరగదం. అద్దె ఏమిటో కూడా చెప్పింది. తేన్మొళి స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇది చూడకుండా పోను" అంది.

గేరు మార్చటానికి సెంగోడన్‌కి ఎంతోసేపు పట్టలేదు. బ్యాటరీ పని నిదానంగా సాగింది. మయిల్‌సామి చెమటలు కారుతున్నా ఆగకుండా పట్టీ విప్పాడు, చచ్చినదాన్ని తీశాడు, దానికి సరిగ్గా సాటి వచ్చే సెల్లు కోసం ఒక డబ్బా అంతా గాలించాడు. అతికాడు. అతను ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. ఎత్తటానికి ధైర్యం చాలటం లేదని మరగదానికి తెలుసు.

బ్యాటరీని ఛార్జింగుకి పెట్టవలసిన వేళ వచ్చింది. మరగదం పచ్చ ఛార్జరుని ఒళ్ళో పెట్టుకుని మొగుడి వైపు చూసింది. "ఇవాళ మీ వంతు."

సెంగోడన్ లేచి నిలబడ్డాడు. జోకు వెయ్యబోతున్నప్పుడు అతని ఎడమ కనుబొమ్మ లేస్తుంది. అది లేవటం చూసి మరగదం ఛార్జరుని గట్టిగా పట్టుకుంది. కానీ కనుబొమ్మ మళ్ళీ దిగింది.

"రెండేళ్ళ కింద రంపం మిషన్ విప్పేటప్పుడు బ్యాటరీ తియ్యటం మరిచాను" అన్నాడు బావమరిదికేసి తిరిగి. "కుడిచెయ్యి కోసుకుంది. నెల రోజులు కట్టు. అప్పుడు నా పని, నీ పని నువ్వే చేశావు. పైగా రోజూ పొద్దున నాకు మీసం దువ్వావు. వంకరగానే దువ్వావనుకో. నెల రోజులూ బజారు నన్ను చూసి నవ్వింది. కానీ మానకుండా దువ్వావు. నిన్ను ఆ పెద్దాయన ముందు అలా అనకుండా ఉండాల్సిందిరా, మయిలూ."



మయిల్‌సామి మీటరుని ముందుకీ వెనక్కీ జరిపాడు. "వంకరగా దువ్వినప్పుడే నీ మీసం బాగుండేది బావా" అన్నాడు.

"చూశావా! నోరు తెరిస్తే నిందే!"

"ఛార్జరు ఇచ్చేదా, వద్దా?" అంది మరగదం.

ఇచ్చింది. చిన్న దీపం ఎర్రగా వెలిగింది. తేన్మొళి దాన్నే చూస్తూ, అంతకుముందు లాగే మామూలు గొంతుతో అంది. "రెండు నిమిషాలు పనిచేస్తారన్నారు. నేను వచ్చి గంట దాటింది, ఈయన తల ఎత్తలేదు."

మయిల్‌సామి అప్పుడు ఎత్తాడు.

"మా నాన్న ఆ మాట పోదనూరంతా చెప్పుకు తిరిగాడు" అంది ఆమె. "ఎందుకు నవ్వాడో తెలుసా? మా పెళ్ళయిన దగ్గర్నుంచీ మా అమ్మ ఆయన్ని ఇంచుమించు అదే మాట అంటుంది. ఇంకో ఊళ్ళో, ఇంకో మనిషి మీద అదే వినేసరికి ఆయనకి తోడు దొరికినట్టయింది."

"మీ పెళ్ళయిన దగ్గర్నుంచీనా?" అన్నాడు హనీఫా భాయి బయట నుంచి, ఆందోళనగా.

"మా అమ్మానాన్నల పెళ్ళి, తాతా. నాకు ఇంకా కాలేదు." తేన్మొళి చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"అయితే మరి కబురు ఎందుకు పంపలేదు?" అంది మరగదం. ఆ ప్రశ్న ఆమె లోపల నెలకి పైగా కాగుతోంది.

"ఆడి వచ్చిపడింది కదక్కా. ఆడిలో పెళ్ళిమాట ఎవరు పంపుతారు? ఆవణి పుట్టాక కదా పంపాలి. అంతలో నేనే ఒకసారి చూసి వస్తానన్నాను. తన మీద జోకు పడ్డ మనిషి ఎలాంటివాడో చూద్దామని."

మరగదం తమ్ముడి వైపు చూసింది. మొగుడి వైపు చూసింది. ఆడి వస్తుందని కొట్టు గోడ మీద క్యాలెండరు చెబుతూనే ఉంది. ముగ్గురూ రోజూ దాన్ని చూస్తూనే ఉన్నారు. ఏ తప్పూ లేని చోట గొడవ పెట్టుకుని, వాటాలు వేసుకుని, ఆమె కాళ్ళు వాచేలా తిప్పారు. చెరో మొట్టికాయ వెయ్యాలనిపించింది. నవ్వు ముందు వచ్చేసింది. ఆగకుండా నవ్వుతూ బల్ల మీద తల వాల్చేసింది.

"ఆ జోకు మీ మీద బాగా పడిందా?" అని తేన్మొళి మయిల్‌సామిని అడిగింది.

"పడింది" అన్నాడు మయిల్‌సామి. "కొంచెం గట్టిగా పడింది. ఇప్పుడు బాగుంది."

"నా జోకులైతే ఇంకా గట్టిగా పడతాయి. మా అమ్మ పోలిక."

"ఫరవాలేదు" అన్నాడతను. "నాకు బావ అలవాటే."

ఛార్జింగు అయ్యాక సెంగోడన్ ఒక చెక్కముక్క తెచ్చి పట్టుకున్నాడు, మయిల్‌సామి బ్యాటరీ బిగించాడు, తేన్మొళి ట్రిగ్గరు నొక్కింది. స్క్రూ ఏడవకుండా తలదాకా దిగింది. హనీఫా భాయి లోపలికి వచ్చి తన తాడు విప్పుకున్నాడు. సాయంత్రం బండికి పంపు మోటారు కట్టాలట, వేరే తాడు లేదట.

ఆ ఆదివారం కాళియణ్ణన్, ఆయన భార్య, కూతురు వచ్చారు. ఈసారి ఇంటికే వచ్చారు. మరగదం కాఫీలు ఇచ్చింది, పలహారం పెట్టింది, తలుపు పక్కన నిలబడింది. ఎవరు ఏమి కావాలన్నా, ఏ మాట చెప్పాలన్నా అటూ ఇటూ మోయటానికి అలవాటుగా సిద్ధంగా ఉంది. లోపల సెంగోడన్ ముహూర్తం మరుదమలై కొండ మీది గుళ్ళో పెట్టుకుందామంటున్నాడు. మయిల్‌సామి అతని మాటకి అడ్డం వచ్చి, "బావా, మెట్లెక్కి నువ్వు ఆయాసపడితే ఫోటోలో బాగుండదు" అంటున్నాడు. కాళియణ్ణన్ భార్య తన భర్త గురించి ఏదో అంది, అందరూ గొల్లుమన్నారు. తేన్మొళి మయిల్‌సామిని ఏదో అడిగింది, అతను తల ఎత్తి జవాబు చెప్పాడు.

మరగదం కాసేపు ఎదురుచూసింది. ఆమెని ఎవరూ పిలవలేదు. ఎవరి మాట వాళ్ళే చెప్పుకుంటున్నారు.

ఆమె చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. ఉక్కడం పెద్దచెరువు గట్టు మీద సాయంకాలపు జనం, పిల్లల సైకిళ్ళు, చల్లటి గాలి. బండి దగ్గర వేడివేడి కాళాన్ ఒక ప్లేటు చెప్పింది. పుట్టగొడుగుల మీద ఉల్లిపాయలు ఎక్కువ వెయ్యమంది. గట్టు మీద కూర్చుని, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఎవరి దగ్గరా ఏమీ వినకుండా, ఒక్కతే నిదానంగా తింది. ప్లేటు ఖాళీ అయ్యాక ఇంటి వైపు చూసి, ఇంకో ప్లేటు చెప్పింది.